పిల్లలు ఎదిగేకొద్దీ శరీర కూర్పులో వచ్చే మార్పులను కొలవడం ఎలా?

ఒక పాప ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగిందని తూకం చెబుతుంది గానీ, ఆ నాలుగు కిలోల్లో కొవ్వు ఎంత, కండ ఎంత, ఎముక ఎంత, నీరు ఎంత అన్నది చెప్పదు. అది తెలుసుకోవడానికి చాలా పద్ధతులున్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం పెద్దల శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. పెద్దవారిలో కొవ్వును తీసేస్తే మిగిలే దేహభాగం రసాయనికంగా దాదాపు స్థిరంగా ఉంటుంది. అందులో నీరు సుమారు 73 శాతం, సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.10 గ్రాములు అని అనుకుని లెక్క వేస్తే పెద్ద పొరపాటేమీ జరగదు. పిల్లల్లో ఈ రెండు అంకెలూ వయసుతో పాటు మారుతూ ఉంటాయి. అప్పుడే పుట్టిన శిశువు కొవ్వేతర దేహంలో నీరు 80 శాతం దాకా ఉంటుంది. ఎదిగేకొద్దీ నీటి వాటా తగ్గి ప్రోటీన్లు, ఎముకల ఖనిజాలు పెరుగుతాయి, దానితో పాటు సాంద్రతా పెరుగుతుంది. కాబట్టి పిల్లల్ని కొలిచేవారు ఒకేసారి రెండు మార్పులను గమనించాలి: ఒకటి కొవ్వు, కండల మోతాదులో వచ్చే మార్పు, రెండోది ఆ మోతాదును లెక్కగట్టే ప్రమాణంలోనే వచ్చే మార్పు. కింద చెప్పే పద్ధతి ఆరోగ్య కార్యకర్తలకు, వ్యాయామ శిక్షకులకు, ఈ రంగంలో పరిశోధన మొదలుపెడుతున్న విద్యార్థులకు ఉద్దేశించినది. తల్లిదండ్రులకు కూడా ఇందులో కొంత భాగం పనికివస్తుంది.

ముందు ప్రశ్నను తేల్చుకోండి

పరికరం ఎంచుకునే ముందు, ఈ కొలతతో ఏ నిర్ణయం తీసుకోబోతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. వందలమంది పిల్లల్లో పోషకాహార లోపమో అధిక బరువో ఉన్నవారిని వడగట్టడమే పని అయితే ఎత్తు, బరువు, దండచేతి చుట్టుకొలత సరిపోతాయి. ఒక పిల్లవాడిని రెండు మూడేళ్ల పాటు గమనించాలంటే వాటికి చర్మపు మడతల మందం చేర్చాలి. దీర్ఘవ్యాధికి చికిత్స పొందుతున్న బిడ్డలో కండ తరిగిపోతోందా అని వైద్యుడు అడిగినప్పుడే డెక్సా (ఎక్స్‌రే కిరణాలతో ఒంటి కూర్పును చూసే యంత్రం) వంటి వాటి అవసరం వస్తుంది. ఈ వడపోత లేకుండా, చేతికి అందిన యంత్రం మీద పిల్లల్ని నిలబెట్టి అది చూపించిన కొవ్వు శాతాన్ని రాసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సహజంగా వచ్చే మార్పులను తెలిసి ఉండాలి

ఏది అసాధారణమో చెప్పాలంటే ఏది సాధారణమో తెలియాలి. పుట్టినప్పుడు శిశువు బరువులో కొవ్వు ఎనిమిదో వంతు ప్రాంతంలో ఉంటుంది. తొలి ఆరు నెలల్లో అది వేగంగా పెరిగి దాదాపు నాలుగో వంతుకు చేరుతుంది. ఆ తర్వాత బిడ్డ పాకడం, నడవడం మొదలుపెట్టాక క్రమంగా తగ్గుతూ వస్తుంది. బీఎంఐ (కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సూచిక) సుమారు ఐదారేళ్ల వయసులో అతి తక్కువ స్థాయికి దిగి, అక్కడి నుంచి మళ్లీ పైకి లేస్తుంది. ఈ మలుపు చాలా చిన్న వయసులోనే వచ్చిన పిల్లల్లో తర్వాతి కాలంలో స్థూలకాయం వచ్చే అవకాశం ఎక్కువని 1984 నుంచీ పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. ఐదేళ్ల బిడ్డ సన్నబడిందని కంగారుపడి పెద్దలు ఎక్కువ తినిపించడానికి ప్రయత్నించడం కద్దు. నిజానికి ఆ వయసులో సన్నగా కనిపించడమే సహజం.

యౌవనారంభంలో ఆడపిల్లల దారి, మగపిల్లల దారి వేరవుతాయి. ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశ ఆడపిల్లల్లో సగటున 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లల్లో 14 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. ఆ సమయంలో మగపిల్లల్లో కొవ్వేతర బరువు ఎంత వేగంగా పెరుగుతుందంటే, కొవ్వు కిలోల్లో తగ్గకపోయినా శాతంలో తగ్గిపోతుంది. ఆడపిల్లల్లో కండతో పాటు కొవ్వూ పెరుగుతుంది. అది ఆ వయసు శరీరానికి అవసరమైన ఎదుగుదలే తప్ప లోపం కాదు. ఎముకల్లో ఖనిజం చేరడం మాత్రం ఎత్తు కంటే కొన్ని నెలలు వెనకబడి ఉంటుంది. ఒక్కసారిగా పొడవు సాగిన పిల్లల ఎముకలు కొంతకాలం ఆ పొడవుకు తగినంత గట్టిగా లేకపోవడం ఇందువల్లనే.

ఎత్తు, బరువు

ఈ రెండింటినీ తేలికగా తీసుకునేవారే ఎక్కువ. కానీ తర్వాత వచ్చే ప్రతి లెక్కా వీటి మీదే ఆధారపడుతుంది. పైగా సూచికల్లో ఎత్తును వర్గం చేస్తాం కాబట్టి ఎత్తులో దొర్లిన తప్పు ఫలితంలో రెట్టింపవుతుంది. రెండేళ్లలోపు పిల్లలను పలక మీద పడుకోబెట్టి పొడవు కొలవాలి, రెండేళ్లు నిండినవారిని నిలబెట్టి ఎత్తు కొలవాలి. ఒకే బిడ్డను రెండు విధాలా కొలిస్తే పడుకున్నప్పటి పొడవు దాదాపు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. అందువల్ల పద్ధతి మారిన నెలలో ఎదుగుదల ఆగిపోయినట్లు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నిలబెట్టి కొలిచేటప్పుడు చెప్పులు తీయించి, జడ ముడి గానీ క్లిప్పులు గానీ అడ్డం రాకుండా చూసి, మడమలు, పిరుదులు, వీపు పలకకు ఆనేలా నిలబెట్టండి. కంటిగూటి కింది అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే అడ్డగీతలో ఉండాలి. గడ్డం పైకెత్తి పొడుగ్గా కనిపించాలని చూడటం పిల్లలకు అలవాటు. రెండు వేళ్లతో దవడ కింద మెల్లగా ఆనించి తలను సరిచేయండి. 0.1 సెంటీమీటరు వరకూ చదివి రాయండి. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్లలు నొక్కుకుపోయి ఎత్తు ఒక సెంటీమీటరు వరకూ తగ్గవచ్చు కాబట్టి ప్రతిసారీ రోజులో ఒకే వేళకు కొలవడం మంచిది. బరువును పలుచని దుస్తులతో, మూత్రవిసర్జన తర్వాత, 0.1 కిలో వరకూ చూడాలి. శిశువులకు 10 గ్రాముల వరకూ చూపే తూకం కావాలి.

వచ్చిన అంకెలను ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలతో పోల్చి జెడ్ స్కోరుగా, అంటే అదే వయసు పిల్లల సగటుకు ఎంత పైన లేదా కింద ఉన్నారో చెప్పే అంకెగా మార్చండి. ఐదేళ్లలోపు పిల్లలకు 2006లో విడుదలైన ప్రమాణాలు, 5 నుంచి 19 ఏళ్ల వారికి 2007 నాటి పట్టికలు వాడతారు. పెద్దలకు వాడే 25, 30 అనే బీఎంఐ హద్దులు పిల్లలకు వర్తించవు.

పరిణతిని కొలవకుండా ముందుకు వెళ్లకండి

పన్నెండేళ్ల పిల్లలు పదిమందిని వరసగా నిలబెడితే ఒకరు ఇంకా చిన్నపిల్లవాడిలా, మరొకరు మీసకట్టుతో కనిపిస్తారు. పుట్టిన తేదీ ఒక్కటే చూసి వీరిద్దరినీ ఒకే గాటన కడితే లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఎత్తును కనీసం ఆరు నెలల వ్యవధితో వరసగా కొలిచి, ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరిగారో గీత గీయడం అన్నిటికంటే నమ్మదగిన మార్గం. ఆ గీత శిఖరానికి చేరిన వయసే ఆ బిడ్డ పరిణతికి గుర్తు. చిక్కల్లా, శిఖరం దాటిపోయాక గానీ అది శిఖరమని తెలియదు.

వైద్య పరీక్షలో భాగంగానైతే టానర్ దశలు చూస్తారు. రొమ్ములు, జననేంద్రియాలు, రోమాల ఎదుగుదలను బట్టి ఐదు దశలుగా చేసిన విభజన ఇది. దీన్ని శిక్షణ పొందిన వైద్యులు మాత్రమే, బిడ్డ సమ్మతితో, తోడు మనిషి సమక్షంలో చేయాలి. మైదానంలోనో తరగతి గదిలోనో చేసే పని కాదు. పరిశోధనల్లో చాలాచోట్ల బొమ్మలు చూపించి పిల్లలనే తమ దశను గుర్తించమంటారు. ఆడపిల్లల విషయంలో రజస్వల అయిన నెలను అడిగి రాసుకోవడం తేలిక. అది సాధారణంగా ఎత్తు వేగం శిఖరం దాటిన తర్వాతే వస్తుంది. ఎడమ చేయి, మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూడటం కచ్చితమైనదే కానీ, వైద్యపరమైన కారణం లేకుండా ఆ పని చేయనక్కర్లేదు. కూర్చున్న ఎత్తు, కాళ్ల పొడవు, బరువు, వయసుల నుంచి శిఖరానికి ఇంకా ఎంత దూరం ఉందో అంచనా వేసే సూత్రాలు 2002 నుంచి క్రీడారంగంలో ప్రచారంలో ఉన్నాయి. అవి ముందుగా ఎదిగేవారినీ ఆలస్యంగా ఎదిగేవారినీ సగటు వైపు లాగేస్తాయి. అంటే ఎవరి విషయంలో వాటి అవసరం ఎక్కువో వారి విషయంలోనే అవి ఎక్కువ తప్పుతాయి.

చర్మపు మడతలు, చుట్టుకొలతలు

ఖర్చు తక్కువ, సమాచారం ఎక్కువ కావడంతో పిల్లల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే పద్ధతి ఇదే. చర్మం కింది కొవ్వును ఇది నేరుగా కొలుస్తుంది. ఏ సూత్రమూ లేకపోయినా ఆ మిల్లీమీటర్లకు అర్థం ఉంటుంది. అయితే చేతి నైపుణ్యం కావాలి. చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాముల ఒత్తిడిని స్థిరంగా కలిగించే కాలిపర్ (మడతను రెండు దవడల మధ్య పట్టి మందం చూపే పనిముట్టు) తీసుకోండి. తక్కువ రకం ప్లాస్టిక్ పనిముట్లలో ఈ ఒత్తిడి నిలకడగా ఉండదు.

దండచేతి వెనక మడతను ఇలా కొలవాలి. బిడ్డ మోచేయి మడిచి ఉండగా భుజం కొన ఎముక నుంచి మోచేతి కొన వరకూ టేపుతో కొలిచి సగం దగ్గర పెన్నుతో గుర్తు పెట్టండి. తర్వాత చేతిని వదులుగా వేలాడనివ్వండి. గుర్తుకు ఒక సెంటీమీటరు పైన, మీ ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కలిపి నిలువు మడతగా పైకి లాగండి. కండ కూడా చేతికి వచ్చిందేమోనని అనుమానం వస్తే బిడ్డను మోచేయి ఒకసారి బిగించి వదలమనండి. కండ పట్టులో ఉంటే జారిపోతుంది. ఇప్పుడు గుర్తు మీద కాలిపర్ దవడలను మడతకు అడ్డంగా ఆనించి, పిడిని పూర్తిగా వదిలి, రెండు సెకన్లు ఆగి ముల్లు చదవండి. ఇంకా ఆగితే కొవ్వు నొక్కుకుపోయి అంకె దిగుతూ పోతుంది. చదువుతున్నంతసేపూ వేళ్ల పట్టు సడలనివ్వకూడదు. అదే చోట వెంటనే రెండోసారి తీయకుండా మిగతా చోట్లు చుట్టివచ్చి మళ్లీ తీయండి. రెండింటికీ తేడా ఒక మిల్లీమీటరు దాటితే మూడోసారి తీసి మధ్యలోని విలువను ఉంచుకోండి.

రెక్క ఎముక కింది మూలకు కాస్త దిగువన ఏటవాలుగా ఒకటి, పిక్క లోపలి వైపు చుట్టుకొలత ఎక్కువగా ఉన్నచోట నిలువుగా ఒకటి తీస్తే చాలావరకు సరిపోతుంది. కుడి వైపా ఎడమ వైపా అన్నదానిపై సంప్రదాయాలు వేరువేరుగా ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా మార్చకండి. స్థూలకాయం బాగా ఉన్న పిల్లల్లో మడత కాలిపర్ దవడలకు పట్టదు. అలాంటప్పుడు పిల్లవాడిని ఇబ్బంది పెట్టకుండా చుట్టుకొలతలతో సరిపెట్టుకోవాలి.

చుట్టుకొలతల్లో ముఖ్యమైనవి రెండు. దండచేతి చుట్టుకొలత 6 నుంచి 59 నెలల పిల్లల్లో 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే తీవ్ర పోషకాహార లోపంగా పరిగణించి వెంటనే చికిత్సకు పంపాలి. నడుము చుట్టుకొలతను చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, మామూలుగా ఊపిరి వదిలిన క్షణాన తీయాలి. అది ఎత్తులో సగాన్ని దాటితే పొట్ట లోపలి కొవ్వు గురించి ఆలోచించవలసి ఉంటుంది.

యంత్రాల వాడకం

శరీరంలోకి స్వల్ప విద్యుత్తు పంపి నిరోధాన్ని చూసే యంత్రం కొలిచేది కొవ్వును కాదు, నీటిని. తెర మీద కనిపించే కొవ్వు శాతం దాని లోపల దాగిన సూత్రం నుంచి వస్తుంది. ఆ సూత్రం ఏ వయసువారిపై తయారైందో తయారీదారు చెప్పకపోతే ఆ శాతాన్ని పిల్లలకు వాడకండి. నిరోధం విలువను ఓమ్‌లలో చూపించే యంత్రమైతే దాన్ని రాసుకుని, ఎత్తు వర్గాన్ని ఆ నిరోధంతో భాగించి వచ్చిన సూచికను కాలక్రమంలో గమనించవచ్చు. భోజనం చేసిన వెంటనే, ఆటలాడి వచ్చిన వెంటనే, జ్వరం లేదా విరేచనాలు ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకూడదు.

డెక్సా యంత్రం రెండు శక్తుల ఎక్స్‌రే కిరణాలతో ఎముక ఖనిజం, కొవ్వు, మిగతా మెత్తని కణజాలం అనే మూడింటినీ, చేతులు కాళ్లు మొండెం వారీగా విడదీసి చూపిస్తుంది. కిరణాల మోతాదు చాలా స్వల్పం. మనందరికీ ప్రకృతి నుంచి ఒకటి రెండు రోజుల్లో అందే వికిరణం స్థాయిలోనే ఉంటుంది. అయినా ఊరికే చేయించకూడదు. పిల్లల్లో తల శరీరంతో పోలిస్తే పెద్దది, దాని ఎముక ఎదుగుదలతో పెద్దగా మారదు. అందువల్ల ఎముకల లెక్కలో తలను మినహాయించిన విలువను చూడాలి. కదలకుండా పడుకోవాలి కాబట్టి రెండు మూడేళ్ల పిల్లలతో ఇది కష్టమే.

ఇవి కాక గాలి స్థానభ్రంశంతో శరీర సాంద్రతను కొలిచే గది ఒకటి, డ్యుటీరియం కలిపిన నీరు తాగించి కొన్ని గంటల తర్వాత లాలాజలంలో అది ఎంత పలచబడిందో చూసి ఒంట్లోని నీటిని లెక్కించే పద్ధతి ఒకటి ఉన్నాయి. డ్యుటీరియంలో రేడియోధార్మికత లేదు, శిశువులకు కూడా వాడతారు.

సూత్రాన్ని వయసుకు తగినట్లు ఎంచుకోవడం

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. ఎనిమిదేళ్ల బిడ్డ బరువు 30 కిలోలు, ఒంట్లో నీరు 18 కిలోలు అనుకుందాం. పెద్దల 73 శాతంతో లెక్కిస్తే కొవ్వేతర బరువు 24.7 కిలోలు, కొవ్వు 5.3 కిలోలు వస్తాయి. ఆ వయసుకు తగినట్లు 77 శాతం తీసుకుంటే కొవ్వేతర బరువు 23.4, కొవ్వు 6.6 కిలోలు అవుతాయి. ఒకే కొలతకు కొవ్వు ఒకసారి 18 శాతం, ఇంకోసారి 22 శాతం.

ఇప్పుడు సాంద్రత పద్ధతి చూడండి. శరీర సాంద్రత 1.05 అని తేలిన పిల్లవాడికి, 495ను సాంద్రతతో భాగించి 450 తీసివేసే సిరి సూత్రం 21.4 శాతం కొవ్వు చూపిస్తుంది. ఆ సూత్రం కొవ్వేతర దేహం సాంద్రత 1.10 అని నమ్ముతుంది. చిన్నపిల్లల్లో అది 1.08 దగ్గర ఉంటుంది కాబట్టి, దానితో మళ్లీ లెక్కిస్తే 14.3 శాతమే వస్తుంది. అంటే పెద్దల ప్రమాణం వాడితే నీటి పద్ధతి కొవ్వును తక్కువ చేసి చూపుతుంది, సాంద్రత పద్ధతి ఎక్కువ చేసి చూపుతుంది. రెండు ప్రయోగశాలలు ఒకే బిడ్డ గురించి పరస్పర విరుద్ధంగా చెప్పడానికి యంత్రాల లోపమే కారణం కానక్కర్లేదు. సాంద్రత, నీరు, ఎముక ఖనిజం మూడింటినీ విడివిడిగా కొలిచి కలిపే నాలుగు భాగాల నమూనాను పిల్లల్లో ప్రామాణికంగా భావించేది ఈ ఊహల అవసరాన్ని అది బాగా తగ్గిస్తుంది కాబట్టే.

చర్మపు మడతల సూత్రాల్లోనూ ఇదే సంగతి కనిపిస్తుంది. 1988లో స్లాటర్ బృందం ఇచ్చిన సూత్రం మగపిల్లలకు పరిణతి దశను బట్టి వేర్వేరు స్థిరాంకాలు ఇచ్చింది. దండచేయి, వీపు మడతల మొత్తం 17 మిల్లీమీటర్లుంటే, అందులోని అమెరికా శ్వేతజాతి పిల్లల స్థిరాంకాల ప్రకారం యౌవనారంభానికి ముందు కొవ్వు 16.6 శాతం, మధ్యలో 14.9, తర్వాత 12.8 అవుతుంది. మడత మందం ఏమాత్రం మారకపోయినా పిల్లవాడు ఒక దశ నుంచి మరో దశకు మారిన రోజున కాగితం మీద కొవ్వు తగ్గిపోతుంది! అందుకే ముందు మిల్లీమీటర్లను చూడండి, శాతాన్ని ఆ తర్వాత చూడండి. వేరే జనాభాపై తయారైన సూత్రమైతే ఈ క్రమం మరింత ముఖ్యం.

ఫలితాన్ని ఎత్తుతో ముడిపెట్టండి

శాతం ఒక్కటే చెబితే కొవ్వు మారిందో, కండ మారిందో తెలియదు. కొవ్వు కిలోలను, కొవ్వేతర కిలోలను విడివిడిగా మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించి రెండు సూచికలు తయారు చేసుకోండి. రెండింటినీ కూడితే బీఎంఐ వస్తుంది. ఉదాహరణకు ఒక అబ్బాయి ఎనిమిదేళ్లప్పుడు 128 సెంటీమీటర్లు, 26 కిలోలు, కొవ్వు 20 శాతం. పద్నాలుగేళ్లప్పుడు 163 సెంటీమీటర్లు, 50 కిలోలు, కొవ్వు 14 శాతం అనుకోండి. కొవ్వు 5.2 కిలోల నుంచి 7 కిలోలకు పెరిగింది, శాతంలో తగ్గింది, బీఎంఐ 15.9 నుంచి 18.8కి ఎగబాకింది. సూచికలు తీస్తే విషయం విడిపోతుంది: కొవ్వు సూచిక 3.2 నుంచి 2.6కు దిగింది, కొవ్వేతర సూచిక 12.7 నుంచి 16.2కు పెరిగింది. బీఎంఐ పెరుగుదల అంతా కండ, ఎముకల నుంచి వచ్చిందే.

మార్పు నిజమా, కొలత దోషమా?

పని మొదలుపెట్టే ముందే ఇరవై మంది పిల్లలను రెండేసి సార్లు, మొదటి అంకె కనపడకుండా, కొలవండి. ఒక్కొక్కరి రెండు కొలతల తేడాను వర్గం చేసి, అన్నిటినీ కూడి, పిల్లల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీస్తే మీ చేతి దోషం తెలుస్తుంది. అది 0.5 మిల్లీమీటరు అని వచ్చిందనుకోండి. రెండు వేర్వేరు రోజుల కొలతల తేడాలో దోషం దానికి 1.4 రెట్లు, అంటే 0.7, దానికి రెట్టింపు, అంటే సుమారు 1.4 మిల్లీమీటర్లు దాటిన మార్పునే నిజమైన మార్పుగా నమ్మవచ్చు. ప్రతి నెలా కొలిచి అర మిల్లీమీటరు తగ్గిందని సంతోషించేవారు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మేలు. తొలి ఏడాది శిశువులకు తప్ప మిగతా వారికి మూడు నుంచి ఆరు నెలల వ్యవధి చాలు.

కొలిచేచోట ఇతర పిల్లలు ఉండకూడదు, అంకెలను పైకి చదవకూడదు, లావు సన్నం అన్న మాటలు నోటి వెంట రాకూడదు. యౌవనారంభంలో ఉన్న ఆడపిల్లలను స్త్రీలే కొలవాలి. వద్దన్న బిడ్డను తల్లిదండ్రులు ఒప్పుకున్నా బలవంతపెట్టకండి. కొవ్వు సూచిక, కొవ్వేతర సూచిక రెండూ కలిసి దిగుతున్నా, ఎత్తు పెరగడం ఆగిపోయినా, ఆడపిల్లలో మొదలైన రుతుక్రమం నిలిచిపోయినా ఇంకో కొలత కోసం ఎదురుచూడకుండా పిల్లల వైద్యుడి దగ్గరకు పంపాలి.

ప్రతి కొలతకూ తేదీ, వేళ, కొలిచినవారి పేరు, ఏ వైపు, ఏ పరికరం, సాఫ్ట్‌వేర్ ఏ రూపం, వాడిన సూత్రం, పరిణతి దశ రాసి, మిల్లీమీటర్లు, ఓమ్‌లు, కిలోల వంటి ముడి అంకెలను వేరే వరుసలో భద్రపరచండి. రేపు మెరుగైన సూత్రం వస్తే పాత కొలతలన్నిటినీ తిరిగి లెక్కించుకోవచ్చు. మధ్యలో పరికరం మార్చక తప్పనప్పుడు, పాతదాన్ని పక్కన పెట్టేముందు కొందరు పిల్లలను ఒకే రోజున రెండింటితోనూ కొలిచి, వచ్చిన తేడాను ఆ దస్త్రంలోనే నమోదు చేయండి.